సింగపూరా, మలయానా?

అరవైతొమ్మిది తెలంగాణ ఉద్యమం రోజులు. దిల్‌సుఖ్‌నగర్‌లో బస్సెక్కి పక్కసీటాయన్ని సలహా అడిగాను.

"విహారయాత్రకి సింగపూరు వెళ్లమంటారా, మలయా వెళ్లమంటారా అండీ?"

నా కోస్తా యాస ఎప్పుడూ నాకంటే ముందే బస్సెక్కేది.

ఆయన జవాబు చెప్పేలోగా కొత్తపేటలో కుర్రాళ్లు బస్సాపి ఎక్కారు. ఒక్కొక్కరినీ మాట్లాడించి, ఆంధ్రావాళ్లను దింపేస్తున్నారు. నాకు రెండు దేశాలూ ఒకేసారి దూరమైపోయాయి. ఆయన గబుక్కున డబ్బాలోంచి పెద్ద పాన్ తీసి నా నోట్లో కుక్కాడు.

"ఏం సాబ్, ఎక్కడికి పోతున్నవ్?" ఒకడు నన్నడిగాడు.

"మా బామ్మర్ది. సింగపూర్ పోవాల్నా, మలయా పోవాల్నా తెల్వక పరేషానైతుండు," అన్నాడాయన.

"ముందుగాల ఎల్బీనగర్ చేరమను!" కుర్రాళ్లు నవ్వుతూ దిగిపోయారు.

బస్సు కదిలింది. దణ్ణం పెట్టి పాన్ ఉమ్మేయబోయాను.

"ఇంకో స్టాపున్నది బామ్మర్దీ, నములు," అన్నాడు.