ఎలుకకు వినబడకుండా

మిర్యాలగూడలో మా ఇల్లు రైస్ మిల్లుల వెనక వీధిలో ఉంది. యాసంగి వడ్లు రావడం మొదలైతే వీధి పొడుగునా లారీలు నిలబడతాయి. లారీల వెంట దుమ్ము, దుమ్ము వెంట దగ్గు, ఆ వెనక ఎలుకలు. మిల్లులో అన్ని వడ్లు పెట్టుకుని మా వంటింట్లో వీటికేం పని అని మొదట్లో నాకు ఒళ్ళు మండేది. తర్వాత అర్థమైంది. రోజూ అన్నమే తినే మనకు అప్పుడప్పుడు తీపి తినాలనిపించదా? వాటికీ అంతే. మా ఇంట్లో కరిగిపోయేది ఎప్పుడూ బెల్లమే.

ఇంట్లో ఉండేది ముగ్గురం: నేను, అత్తమ్మ, మామయ్య. మా ఆయన మఠంపల్లి దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో పని చేస్తూ ఆదివారాలు వచ్చిపోతుంటాడు. నేను దగ్గర్లోని బడిలో చిన్నపిల్లలకు చదువు చెప్తాను. మామయ్య సాగర్ ఎడమ కాలువ మీద లస్కరుగా చేశాడు. తూముల షట్టర్లు ఎత్తుతూ దించుతూ, కాలువ గట్టు మీద జీవితమంతా నడిచిన మనిషి. అలాంటి మనిషిని షుగర్ కూర్చోబెట్టింది. కాలి బొటనవేలికి చిన్న పుండు లేచి ఎంతకీ మానలేదు. ఇంకోసారి ఇట్లా అయితే పోయేది వేలు కాదు, కాలే అని దవాఖానలో డాక్టరు చెప్పాడు. ఆ మాట విన్న రోజు నుంచి అత్తమ్మ ఇంట్లో తీపి వండటం మానేసింది.

మామయ్యకు మలీద ముద్దలంటే ప్రాణం. వేడి రొట్టెను చేత్తో నలిపి, బెల్లం, నెయ్యి, ఇలాచి పొడి కలిపి కట్టే ముద్దలవి. అత్తమ్మది సూర్యాపేట పక్క. ఆమె మలీదకు చుట్టాల్లో పెద్ద పేరు. అటువంటిది సద్దుల బతుకమ్మకు చేయక తప్పకపోయినా, ఆడిన చోటే అందరికీ పంచేసి ఒట్టి పళ్ళెంతో ఇంటికి వచ్చేది. మామయ్య ఆ పళ్ళెం వైపు చూసి, టీవీ వైపు తిరిగేవాడు. నాకు పాపం అనిపించేది. కానీ కాలు పోవడం కంటే ఇదే నయం కదా అని నేనూ అత్తమ్మ పక్షమే.

పులుసులోకి కాసింత బెల్లం లేనిదే అత్తమ్మకు చెయ్యి ఆడదు. అందుకని ఒక ముద్ద బెల్లం కాగితంలో చుట్టి వంటింటి సజ్జ మీద, మామయ్యకు అందనంత ఎత్తులో పెట్టేది. అది అందేది ఎలుకలకు. తెల్లారి చూస్తే కాగితం చిరిగి, చుట్టూ నల్లగా పెంటికలు రాలి, బెల్లం తగ్గి ఉండేది. అత్తమ్మకు పోయిన బెల్లం మీద కంటే, మొగుడికి పెట్టనిది ఎలుకకు పెట్టాల్సి వస్తున్నందుకు కోపం. యుద్ధం అలా మొదలైంది.

మొదటి ఉపాయం మా ఆయనది. ఫోనులో ఏదో వీడియో చూసి పుదీనా నూనె సీసా తెచ్చాడు. దూదిలో ముంచి మూలమూలనా పెట్టాం. ఎలుకలు పోలేదు కానీ ఇల్లంతా ఘుమఘుమలాడింది.

"ఇయ్యాల బిర్యానీయా?" అని మామయ్య ఆశగా అడిగాడు. పప్పుచారు అని చెప్తే నిట్టూర్చాడు.

తర్వాత జిగురు అట్ట. దాని మీద మొదట అతుక్కున్నది అత్తమ్మ చెప్పు. రెండోసారి ఒక చిన్న ఎలుక అతుక్కుంది. అది కీచుమంటుంటే చంపలేక, విడిపించలేక నేనూ అత్తమ్మా దాని చుట్టూ నిలబడి ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. చివరికి మామయ్య అట్టను చాటుకు తీసుకెళ్ళి వట్టి చేతులతో వచ్చాడు. ఏం చేశాడో మేం అడగలేదు. ఇంకోసారి ఆ అట్ట ఇంట్లోకి వస్తే నేను బయటికి పోతానని ఖచ్చితంగా చెప్పాను. ఎలుక దొంగే కావచ్చు, అంత శిక్ష ఏ దొంగకూ వద్దు.

నేరేడుచర్ల నుంచి చుట్టాలు పిల్లిని పంపారు. షేర్ ఆటోలో బుట్టలో కూర్చుని దర్జాగా వచ్చింది. మామయ్య దానికి మూడు పూటలా పెరుగన్నం కలిపి పెట్టాడు. కడుపు నిండిన పిల్లికి ఎలుకతో వైరం ఏముంటుంది? కొన్నాళ్ళు చల్లటి గచ్చు మీద పడుకుని, వేట మీద మనసు పుట్టాక మిల్లులోకి కాపురం మార్చింది. ఇప్పటికీ గోడ మీద కనిపిస్తుంటుంది. మమ్మల్ని ఎరగనట్టే పోతుంది.

ఇక లాభం లేదని అత్తమ్మ సూర్యాపేట పోయి బోను తెచ్చింది. ఇనుప సామాన్లు ఎక్కడైనా దొరుకుతాయి కానీ సూర్యాపేటలో కొన్నదే ఆమె దృష్టిలో గట్టిది. కొక్కేనికి మిర్చి బజ్జీ ముక్క గుచ్చి పెడితే నిజంగానే పడ్డాయి. పడినదాన్ని తీసుకెళ్ళి వదిలేది మామయ్య. బోను సంచీలో పెట్టుకుని మెల్లగా కాలువ వైపు నడిచేవాడు, డాక్టరు చెప్పిన నడక కూడా అయిపోయేది. ఒకరోజు నవ్వుకుంటూ వచ్చాడు.

"అవుతలి వీధోళ్ళు ఆళ్ళ ఎలుకల్ని మన మిల్లు కాడ ఇడుస్తున్నరు. మనయి ఆళ్ళింటికి, ఆళ్ళయి మనింటికి. ఇగ ఖతమయ్యే ముచ్చటే లేదు," అన్నాడు.

బోను వచ్చాక పెంటికలు తగ్గాయి, చప్పుళ్ళు తగ్గాయి. బెల్లం మాత్రం తగ్గుతూనే ఉంది. అత్తమ్మ నోట ఎలుకల మందు మాట వచ్చింది. మామయ్య ఒప్పుకోలేదు.

"ఎలుకల మీద కోపంతోని ఇంటికి అగ్గి వెట్టుకుంటమా? మందు గిందు వద్దు," అన్నాడు.

అత్తమ్మ వెంటనే ఆయన నోటికి చెయ్యి అడ్డం పెట్టి సజ్జ వైపు చూసింది.

ఇక్కడ మా ఇళ్ళలోని ఒక పట్టింపు చెప్పాలి. ఎలుకలకు మందు పెట్టేటప్పుడు పైకి అనకూడదు. అంటే ఎలుక వింటుంది, విన్నది ముట్టదు. కోదాడలో మా అమ్మ కూడా అంతే. చిన్నప్పుడు నేను వాగబోతే "గట్టిగా అనమాకే, వింటాయి!" అని తొడపాశం పెట్టేది. పెట్టేవాళ్ళు ఇంట్లో ఎవరికీ చెప్పరు, అడిగేవాళ్ళు అడగరు. ఎక్కడ పెట్టారో, ఎందులో కలిపారో తెల్లారి చచ్చిన ఎలుకే చెప్పాలి. గోడలకు చెవులుంటాయన్న మాట మిగతా ఊళ్ళలో సామెత, మా ఇళ్ళలో జాగ్రత్త. నేను చదువుకున్నాను, పిల్లలకు చదువు చెప్తాను, అయినా ఈ విషయంలో నా గొంతు కూడా దానంతటదే తగ్గిపోతుంది.

అందుకే ఆ రోజు అత్తమ్మ ఎవరికీ చెప్పలేదు.

సాయంత్రం నేను బడి నుంచి వచ్చేసరికి ఆమె అప్పుడే బజారు నుంచి వచ్చి కూరగాయల సంచీ దించుతోంది. నన్ను చూడగానే వేలు పెదవుల మీద పెట్టి, కళ్ళతో సజ్జ చూపించింది. మొహం వెలిగిపోతోంది. నన్ను దగ్గరకు లాక్కుని చెవిలో చెప్పింది.

"ఉత్త మందు వాసన వట్టి ముడ్తలేవని మలీదల కలిపి పెట్టి పోయిన బిడ్డా. తీస్కపోయింది సూడు!"

సజ్జ ఖాళీగా ఉంది. నాకూ సంతోషమే అనిపించింది. అంతలో అనుమానం వచ్చింది.

"దేని మీద పెట్టావత్తమ్మా?" నేనూ గుసగుసగానే అడిగాను.

"సజ్జకు మందంటొద్దని కాయితంల పెట్టిన."

కాగితం కూడా లేదు. ముద్దను కాగితంతో సహా చుట్టుకుపోయే ఎలుకను నేను చూడలేదు. కిందికి చూశాను. ఎప్పుడూ నల్లా దగ్గర ఉండే ప్లాస్టిక్ స్టూలు సజ్జ కింద ఉంది. అత్తమ్మ కూడా ఆ స్టూలునే చూస్తోంది. ఇన్నాళ్ళ బెల్లం సంగతి మా ఇద్దరికీ ఒక్కసారే తెలిసింది. ఆమె మొహంలో వెలుగంతా పోయింది.

మామయ్య ఇంట్లో లేడు. ఫోను చార్జింగులోనే ఉంది. అత్తమ్మ చెప్పులు కూడా వేసుకోకుండా అప్పటికే గేటు దాటింది. నేను వెనకాలే పరుగెత్తాను. లారీల మధ్య నుంచి పోతుంటే ఆమె ఏ దేవుడికో మొక్కుతోంది, మధ్యమధ్య మామయ్యను తిడుతోంది, మళ్ళీ మొక్కుతోంది. నేను జీవితంలో అంత భయపడలేదు. తన చేత్తో కలిపిన మందుకే ఆయన పోతే ఆమె ఇక బతకదని నాకు తెలుసు.

మామయ్య బజారు దారిలో మిల్లు గేటు పక్కనున్న చాయ్ బండి దగ్గర బల్ల మీద కూర్చుని ఉన్నాడు. చేతిలో చక్కెర లేని చాయ్. మమ్మల్ని అలా చూసి లేచి నిలబడ్డాడు.

"మామయ్యా, సజ్జ మీది ముద్ద మీరు తిన్నారా?" అని అడిగాను.

తేలు కుట్టిన దొంగలా అయ్యాడు. "ఏం ముద్ద? నేనేడ తిన్న? ఎలుక తిన్నదేమో," అన్నాడు.

అప్పుడు అత్తమ్మ, పుట్టి బుద్ధెరిగాక ఆ మాట ఎన్నడూ పైకి అనని మనిషి, బజారంతా వినేలా అరిచింది.

"అండ్ల మందు కలిపిన్నయ్యా! ఎలుకల మందు! తిన్నవా లేదా, నిజం జెప్పు!"

హమాలీలు బస్తాలు దించడం ఆపి చూశారు. మామయ్య గ్లాసు బల్ల మీద పెట్టాడు. చొక్కా జేబులోంచి కాగితం పొట్లం తీసి ఆమె చేతిలో పెట్టాడు. నేను లాక్కుని విప్పాను. ముద్ద నిండుగా ఉంది. దాని మీద అత్తమ్మ వేళ్ళ గుర్తులు కూడా చెక్కుచెదరలేదు.

"తినలే," అన్నాడు మామయ్య. "ఇప్పి వాసన సూసిన. నెయ్యేసినవ్, ఇలాచి ఏసినవ్. ఇన్నొద్దులకు నా మీద మనసైంది, నాకోసం జేసి పెట్టినవనుకున్న. ఒక్కన్నే ఎట్ల తింట? బజార్ల నుంచి గీ తొవ్వనే వస్తవు గదా, సగం నీకిద్దామని కూసున్న."

ఆమె షేర్ ఆటో ఎక్కి అవతలి దారిన వచ్చిందని ఆయనకు తెలియదు.

అత్తమ్మ ఆ బల్ల మీద కూలబడింది. చాయ్ బండి అతను నీళ్ళు, సబ్బు ఇస్తే మామయ్య రెండు చేతులూ పట్టుకుని చంటిపిల్లాడికి కడిగినట్టు కడిగింది, మళ్ళీ మళ్ళీ కడిగింది. ఏడుస్తూనే తిట్టింది. "ఎలుకకైనా ఇలాచి లేకుంట చెయ్యరాకపాయె నాకు," అని తనను తానే తిట్టుకుంది. నేను కూడా ఏడ్చాను. సిగ్గుపడలేదు.

నా మనసు ఊరుకోక ఆయన్ని దవాఖానకు తీసుకెళ్ళాను. డాక్టరు చూసి, ఏమీ కాలేదని చెప్పి, మా ముగ్గురినీ కలిపి చీవాట్లు పెట్టాడు. మాత్రలు సరిగ్గా వేసుకుంటూ ఎప్పుడైనా ఇంత ముక్క చెప్పి తింటే కొంప మునగదని, చాటుగా తింటేనే మునుగుతుందని అన్నాడు. దారిలో మామయ్య తనంతట తానే ఒప్పుకున్నాడు. "సగం ఎలుకలే తిన్నయి. సగమే నేను," అన్నాడు.

మిగిలిన మందును ఆ ముద్దతో సహా ఎవరూ తవ్వని చోట లోతుగా పాతిపెట్టాం. మా ఆయన ఆదివారం వచ్చి కలుగులకు జాలీ కొట్టి సిమెంటు పూశాడు. బెల్లం గట్టి మూతున్న స్టీలు డబ్బాలోకి చేరింది. ఇన్ని ఉపాయాలు పన్నిన మాకు ఆ డబ్బా మొదట్లోనే ఎందుకు తోచలేదో తెలియదు. ఇప్పుడు ఇంట్లో బోనొక్కటే ఉంది. దాన్ని పెట్టేటప్పుడు అత్తమ్మ నడింట్లో నిలబడి గట్టిగా చెప్తుంది.

"ఇగో, పొయ్యి పక్కన బోను పెడ్తున్న. అందరు ఇనుండ్రి!"

ఎలుకలూ వింటూనే ఉంటాయి. అయినా పడుతున్నాయి.

కొన్నాళ్ళకు ఒక మధ్యాహ్నం వంటింట్లోంచి కాలిన రొట్టె, నెయ్యి వాసన వచ్చింది. అత్తమ్మ నిమ్మకాయంత మలీద ముద్ద ఒకటి పళ్ళెంలో పెట్టుకుని వచ్చి మామయ్య ముందు నిలబడింది.

"ఇది నీకే," అంది, వీధిలోకి వినబడేంత గట్టిగా.

మామయ్య ముద్దను చూశాడు, ఆమెను చూశాడు.

"ముందుగాల నువ్వు తిను," అన్నాడు, మీసాల్లో నవ్వు ఆపుకుంటూ.

అత్తమ్మ నవ్వలేదు. ఆయన పక్కన కూర్చుని, ముద్దను రెండుగా తుంచి, ఒక సగం ముందు తనే నోట్లో వేసుకుంది. అది పూర్తిగా మింగేదాకా రెండో సగం ఆయన చేతికివ్వలేదు.