ఎనిమిది క్రేట్ల ఎంప్టీలు

మొన్న ఉదయం అల్వాల్‌లోని మా ఫ్లాటుకు, మూడో అంతస్తు దాకా గ్యాస్ సిలిండర్ భుజాన మోసుకొచ్చిన మనిషి దాన్ని గుమ్మం దగ్గర దించి, "ఎంప్టీ ఏది సార్?" అన్నాడు. మా ఎంప్టీ మా దగ్గర లేదు. రెండు నెలల క్రితం పక్కఫ్లాటు వాళ్ళకు అవసరమైతే మా రెండో సిలిండర్ ఇచ్చాను. వాళ్ళు తిరిగివ్వలేదు, నేను అడగలేదు. ఆ మాటే చెప్పాను. "అడుగుండ్రి సార్, పక్క తలుపే గద. ఎంప్టీ ఇస్తెనే ఫుల్ ఇస్త, నా చేతుల ఏం లేదు," అన్నాడు. నేను అడిగే రకం కాదని ముఖం చూసి తెలుసుకున్నట్టున్నాడు, నిండు సిలిండర్‌ను మళ్ళీ భుజానికెత్తుకుని మెట్లు దిగిపోయాడు.

ఎంప్టీ అన్నది ఇంగ్లీషు మాటని ఈ ఊళ్ళో ఎవరికీ గుర్తున్నట్టు లేదు. రక్తపరీక్షకు ఎంప్టీ స్టమక్‌తో రమ్మంటారు. ఏ.ఎస్. రావు నగర్ దాకా రమ్మంటే ఆటో అతను "వాపస్ ఎంప్టీగ రావాలె సార్" అని గొణుగుతాడు. పండగ సెలవుల్లో రోడ్లు ఎంప్టీ. ఖాళీ అన్నా అర్థం అదే కదా అనవచ్చు. మా ఇంట్లో మాత్రం ఆ రెండూ వేర్వేరు మాటలు. గదులు, గిన్నెలు, కుర్చీలు ఖాళీ అయ్యేవి. ఎంప్టీ అంటే చేతికి తగిలే వస్తువు. ఆకుపచ్చ గాజు, మెడలో గోలీ, భుజం మీద ఉబ్బెత్తు అక్షరాల్లో మా తాతగారి పేరు. మోండా మార్కెట్ వెనక సందులో మాకు సోడా ఫ్యాక్టరీ ఉండేది. ఒకప్పుడు ఈ ఊళ్ళో పెద్దవాళ్ళ విందుల్లో మా సీసా లేని బల్ల ఉండేది కాదని తాతగారి మాట. నేను పుట్టేసరికే అందులో సగం మాటగానే మిగిలింది.

సోడాలో ఉన్నది నీళ్ళూ గ్యాసే. అసలు ఆస్తి సీసా. వెళ్ళిన సీసా తిరిగొస్తేనే మర్నాడు మిషన్ తిరుగుతుంది. ఈ సంగతి సందులో తోపుడుబండి పెట్టుకున్న వాళ్ళకు కూడా తెలుసు. మాకూ తెలుసు గానీ, మాకొక పద్ధతి ఉండేది. దుకాణాల నుంచి ఎంప్టీలు తెప్పించేవాళ్ళం, పెళ్ళి జరిగిన ఇంటికి మాత్రం మనిషిని పంపేవాళ్ళం కాదు. వాళ్ళంతట వాళ్ళే పంపాలి. పంపకపోతే వదిలేయాలి. తాతగారి కాలంలో అది చెల్లింది. నాన్న కాలానికి గాజు ఫ్యాక్టరీ వాళ్ళు మా పేరుతో సీసాలు అచ్చుపోయడం మానేశారు. పోయిన ప్రతి సీసా ఇక పోయినట్టే.

నాకు ఇరవై మూడేళ్ళప్పుడు, వేసవికి ముందు, ఒక సినిమా హాలు కాంటీన్ వాళ్ళు రోజుకు ఇరవై క్రేట్లు కావాలని అడిగారు. అది దొరికితే ఫ్యాక్టరీ నిలబడుతుంది. మా దగ్గర పద్నాలుగు క్రేట్ల సీసాలే మిగిలాయి. అంతకు మూడు నెలల ముందు మారేడ్‌పల్లిలో రిటైరైన ఒక హెడ్‌మిస్ట్రెస్‌గారి కొడుకు పెళ్ళికి నాన్న ఎనిమిది క్రేట్లు పంపారు, అవి తిరిగి రాలేదు. మిషన్ మీద ఇరవై ఏళ్ళుగా పనిచేస్తున్న మేస్త్రీ, సీసా పేలి కనుబొమ్మ చీలిన మనిషి, నాన్న ఎదుటే నాతో అన్నాడు. "చిన్నసేట్, మీరే పోయి అడుగుండ్రి. ఎంప్టీలు లేకుంటే గ్యాస్ నేను టోపీల పట్టాల్నా?" నాన్న పేపరు చదువుతున్నట్టు ఉండిపోయారు. వద్దనలేదు. ఆయన వద్దనకపోవడం నేను చూడటం అదే మొదటిసారి. గేటు దాకా వచ్చి మేస్త్రీ, "పోయేది అడగనీకి, పెండ్లిచూపులకు గాదు. చాయ్ తాగి ఉత్తగ రాకుండ్రి," అని హెచ్చరించాడు.

హెడ్‌మిస్ట్రెస్‌గారు వరండాలో కూర్చోబెట్టారు. "నాన్నగారు కులాసానా బాబూ? పెళ్ళిలో మీ సోడా తాగి బిషప్‌గారు ఎంత మెచ్చుకున్నారనుకున్నావ్!" అంటూ కేకు ముక్క పెట్టారు. తిన్నాను. తరువాత చెయ్యి పట్టుకుని తోటలోకి తీసుకెళ్ళారు. గులాబీ మడి చుట్టూ మా సీసాలు. మెడల దాకా కాదు, నడుముల దాకా మట్టిలో తలకిందులుగా పాతి ఉన్నాయి. పేర్లన్నీ నేలలో, ఆకుపచ్చ అడుగులు మాత్రం ఎండలో మెరుస్తున్నాయి. "పారేయడానికి మనసొప్పలేదు బాబూ. మీ గుర్తుగా ఉంటాయని ఇలా పెట్టించాను. బాగున్నాయా?" అన్నారు. ఆవిడ ముఖంలో కపటమేమీ లేదు. ఒక్క మాట అంటే తోటమాలితో ఆ పూటే తవ్వించేవారని నాకు తెలుసు. "చాలా బాగున్నాయండీ," అన్నాను. రెండు గులాబీలు కోసిచ్చారు.

సందులోకి వచ్చేసరికి మేస్త్రీ సీసాలు కడిగే తొట్టి నింపి సిద్ధంగా ఉన్నాడు. "అడిగావా?" అన్నారు నాన్న. లేదన్నాను, పూలమడి సంగతి చెప్పాను. ఆయన భుజాలు తేలికపడటం నాకు కనిపించింది. "మంచిపని చేశావు. ఒకరు ముచ్చటపడి పెట్టుకున్నదాన్ని పెకలిస్తామా," అన్నారు.

మేస్త్రీ కుళాయి కట్టేశాడు. చేతులు తుడుచుకుంటూ, "మంచిగుంది సేట్. మీ ఇద్దరి ఇజ్జత్ మిగిలింది. నాకేం మిగిలింది?" అన్నాడు. గట్టిగా కూడా అనలేదు. పదిరోజులకు ఆ కాంటీన్ పని పక్కసందు సోడా వాళ్ళకు వెళ్ళింది, అతనూ అక్కడే కూలికి చేరాడు. తరువాతి వేసవికి మా మిషన్ పాత ఇనుములో పోయింది.

ఆ సాయంత్రం నాకు గర్వంగానే అనిపించింది, దాచను. తలెత్తుకుని ఇంటికి నడిచాను. ఇప్పుడు మాత్రం అలసటగా ఉంటుంది. ఆ తోటలో నోరు తెరిచి అడిగి ఉంటే అర నిమిషం పట్టేది. అడగకపోవడానికి నలభై ఏళ్ళు పట్టింది, ఇంకా పూర్తి కాలేదు.