జాకెట్టుముక్కల పెట్టెలో మాంత్రికుడు

అశోక్‌నగర్‌లో మేం అద్దెకున్న వాటా ముందుగదిలో సోఫా లేదు. ఉన్నదల్లా ఒక ఇనప ట్రంకుపెట్టె, దాని మీద జంపఖానా. ఇంటికి పెద్దవాళ్లెవరొచ్చినా అమ్మ దాని మీదే కూర్చోబెట్టేది. అది మా ఇంటి సింహాసనం.

నాకప్పుడు పంతొమ్మిదేళ్లు. నారాయణగూడలో డిగ్రీ చదువుతున్నాను. చదువుతున్నానని పేరే గానీ, ఆ యేడు ఉద్యమం గొడవలతో కాలేజీ తెరిచిన రోజుల కంటే మూసిన రోజులే ఎక్కువ. ఇంట్లో ఊరికే కూర్చోలేక నవలల మీద పడ్డాను. మాంత్రికులు, మాయాద్వీపాలు, రాకెట్లో చంద్రుడి మీదికి వెళ్లి అక్కడి రాజుతో యుద్ధం చేసే వీరులు, ఏదైనా సరే. చిక్కడపల్లిలో పుస్తకాలు అద్దెకిచ్చే కొట్టతను అట్టలు నలిగిపోయినవాటిని నాకు చవగ్గా అమ్మేసేవాడు. అమ్మేటప్పుడు మాత్రం ఊరుకునేవాడు కాదు.

"ఏందక్క, కాలేజీ చదువుతున్నవ్, ఇంక గీ పోరగాండ్ల పుస్తకాలేంది? మంచి ఫ్యామిలీ నవల్ ఇస్త, తీస్కపో."

ఆ పుస్తకాల మీద బతికేవాడికి కూడా వాటిని చదివే నేను లోకువే!

నా స్నేహితురాళ్లు సాంఘిక నవలలు చదివి కళ్లు తుడుచుకునేవాళ్లు. దానికో మర్యాద ఉంది. గద్దగా మారిపోయిన రాకుమారి కోసం నేను ఏడిస్తే మాత్రం అది పిచ్చి. ఆ యేడే మనుషులు నిజంగా చంద్రుడి మీద దిగారు. నాన్న పేపరు పట్టుకుని పక్క వాటాల వాళ్లందరికీ చదివి వినిపించాడు. ఆ సంబరంలో "నేనెప్పుడో చెప్పాను కదా" అన్నాను. "నువ్వు నోరుముయ్యి" అన్నాడు. ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

అమ్మ బాధ వేరు. దోమలగూడ సంబంధం ఒకటి దగ్గరిదాకా వచ్చి తప్పిపోయింది. పిల్లకి దయ్యాల పుస్తకాల పిచ్చి అని ఎవరో వాళ్ల చెవిన వేశారట. ఆ మాట తెలిసిన రోజు అమ్మ అన్నం తినలేదు. ఇంకో సంబంధం గనక చెడితే నా పుస్తకాలన్నీ తూకానికి వేసేస్తానని ఒట్టేసింది. మా అమ్మ ఒట్టేస్తే ఒట్టే.

తర్వాత వచ్చింది అంబర్‌పేట సంబంధం. అబ్బాయి ఇంజనీరు, వెంట వాళ్లమ్మగారు. ఆ పొద్దున అమ్మ ఇల్లంతా గాలించి నా పుస్తకాలన్నీ ట్రంకుపెట్టెలో కుక్కింది. పైన జంపఖానా పరిచి ఆవిడని దాని మీదే కూర్చోబెట్టింది. "ఖాళీగా ఉన్నప్పుడు ఏం చేస్తావమ్మా?" అని ఆవిడ అడిగితే, "కుట్లు, అల్లికలు, పూజ" అని నేర్పిన పాఠం అప్పజెప్పాను. అంతా సవ్యంగానే జరిగింది, బొట్టు పెట్టేదాకా.

మా ఇళ్లల్లో ముత్తైదువ వెళ్లొస్తానంటే బొట్టు పెట్టి, పండూ తాంబూలంతో జాకెట్టుముక్క చేతిలో పెట్టకుండా పంపరు. అమ్మ కుంకుమభరిణ తెచ్చింది, పళ్లు తెచ్చింది. తెచ్చి, అలా నిలబడిపోయింది. జాకెట్టుముక్కలు ఉండేది ఆ ట్రంకుపెట్టెలోనే.

"కొంచెం లేస్తారా వదినగారూ" అంది నీరసంగా.

మూత తెరుచుకుంది. పైనే, కపాలం పట్టుకుని గుడ్లురుముతున్న మాంత్రికుడు. పక్కన రాకెట్టు. జాకెట్టుముక్కలు ఎక్కడో అట్టడుగున. అమ్మ రెండు చేతులా పుస్తకాలు తోడి పక్కన పోస్తోంది, అవి నేల మీద వెల్లకిలా పడుతున్నాయి. అబ్బాయి పక్కకి తిరిగి నవ్వాపుకుంటున్నాడు. "ఇవి... పిల్లలవి..." అంది అమ్మ. నేను ఒక్కదాన్నే సంతానమని అంతకుముందే చెప్పి ఉంది.

ఆవిడ వంగి ఒక పుస్తకం తీసింది.

"అయ్యో, ఈ గాజుకోట కథ రెండో భాగం మీ దగ్గరుందా! మొదటిది చదివేసి దీని కోసం ఎక్కడెక్కడో వెతుకుతున్నాను. చదివి ఇచ్చేస్తాను, తీసుకెళ్లనా అమ్మాయ్?"

కొడుకు నోరు తెరిచాడు. "అమ్మా, నువ్వు ఇలాంటివి చదువుతావా?"

"చదువుతానురా, ఏం?" అని ఆవిడ పుస్తకం, తాంబూలం కలిపి పట్టుకుని రిక్షా ఎక్కింది.

నేను నేల మీద లేను. నాలాంటి మనిషి ఇంకొకరున్నారు, అదీ నెరిసిన జుట్టుతో, పట్టుచీరతో! పెళ్లి సంగతే మర్చిపోయాను.

సంబంధం కుదరలేదు. అబ్బాయికి ఇంకొంచెం గంభీరంగా ఉండే పిల్ల కావాలట. కబురు తెలిసిన రోజు అమ్మకి తన ఒట్టు గుర్తొచ్చింది. గోనెసంచి తెచ్చి పెట్టె పక్కన పడేసి, పాత పేపర్లవాడు ఎప్పుడొస్తాడా అని గుమ్మంలో కూర్చుంది. ఆ ఖాళీ సంచి చూస్తే నాకు ఏడుపొచ్చింది. ఏడ్చాను.

పేపర్లవాడి కంటే ముందు ఆవిడ వచ్చింది. ఒక్కతే రిక్షా దిగింది, చేతిలో నా పుస్తకం.

"వదినగారూ, మావాడి బుద్ధికి నేనేం చేయను" అని అమ్మతో అని, వెనకటిలాగే పెట్టె మీద కూర్చుంది. తర్వాత నా వైపు వంగి గొంతు తగ్గించింది. "అమ్మాయ్, ఇందులో ఆ గద్ద ఎవరు? ఊరికే కోట చుట్టూ ఎందుకు తిరుగుతోంది? నాకు తలా తోకా తెలియడం లేదు. మొదటి భాగం ఉంటే ఇస్తావా?"

"మొదటిది చదివేశానన్నారు కదండీ?"

"నేనెక్కడ చదివాను తల్లీ! ఇలాంటిది చేత్తో పట్టుకోవడమే మొదటిసారి. ఆ రోజు మీ అమ్మ మొహం చూశాను. ఏదో ఒకటి అనకుండా ఎలా ఉండను?" కాస్త సిగ్గుపడుతూ అడిగింది. "ఇంతకీ ఆ గద్ద ఆడపిల్లేనా?"

అవునని తలూపాను. ఎంత మెల్లగా అన్నా మా ముందుగది ఏపాటిది, అమ్మకి అన్నీ వినపడ్డాయి. గుమ్మంలోంచి లేచి కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

"కొంచెం లేస్తారా వదినగారూ" అంది.

ఆవిడ లేచింది. అమ్మ జంపఖానా మడిచి పక్కన పెట్టి, పెట్టె తెరిచి, పుస్తకాలు ఒక్కొక్కటే తీసి చూడటం మొదలుపెట్టింది.

"ఏదే, అట్ట మీద గద్ద ఉన్నదేనా?" అని నన్నడిగింది.