శశికళ నిలబెట్టుకున్న లైసెన్సు

పార్సిప్పనీ హాస్పిటల్లో సర్జన్లు తమ కేసులకు పట్టుబట్టి పిలిపించుకునే మత్తు డాక్టరు శశికళ. 2003లో ఆమె భర్త కేశవరావుకు పక్షవాతం వచ్చింది. కుడి పక్క పడిపోయింది, మాట పోయింది. పరాయివాళ్లు ముద్ద పెడితే నోరు తెరిచేవాడు కాదు. కొన్నాళ్లు సెలవు పెడదామనుకున్న శశికళ మళ్లీ ఆపరేషన్ థియేటర్ గడప తొక్కలేదు.

లైసెన్సును మాత్రం పోనివ్వలేదు. ఆమె తెప్పించుకునే వైద్య పత్రికలో నెలనెలా ఒక పాఠం వచ్చేది. చదివి, చివర ఉన్న ప్రశ్నలకు జవాబులు పంపితే క్రెడిట్లు ఇస్తారు. అవి ఉంటేనే లైసెన్సు రెన్యూ అవుతుంది. భర్త మంచం పక్కన కూర్చుని ఆ పాఠం పైకి చదివేది. ఆయన బ్రిడ్జిల ఇంజనీరు, ఒక్క ముక్కా అర్థమయ్యేది కాదు. అయినా ఆమె ఆపితే చదవమన్నట్టు ఎడమ చేత్తో దుప్పటి మీద తట్టేవాడు.

"విన్నారా, ఇప్పుడు నరాన్ని అల్ట్రాసౌండ్‌లో చూస్తూ సూది వేస్తున్నారట! మేం చేత్తో తడిమి వేసేవాళ్లం," అనేది.

2010లో కేశవరావు పోయాడు. కర్మలయ్యాక ఆమె పాత హాస్పిటల్‌కి వెళ్లింది. ఒకప్పుడు ఆమె దగ్గర పని నేర్చుకున్న రేణు ఇప్పుడక్కడ డిపార్ట్‌మెంట్ చీఫ్.

"మీ క్రెడిట్స్ అన్నీ పర్ఫెక్ట్‌గా ఉన్నాయి మేడమ్," అంది రేణు తలెత్తకుండా. "కానీ రీసెంట్‌గా కేసులు చేసుండాలి. లేకపోతే కమిటీ అప్రూవ్ చేయదు."

"నన్ను ఎవరి పక్కనైనా నిలబెట్టు. కొన్నాళ్లు నీ కిందే చేస్తాను."

"ఇన్సూరెన్స్ వాళ్లు ఒప్పుకోరండీ. అడిగి చూశాను." రేణు ఈసారి తలెత్తి, "మేడమ్, మీరు అల్ట్రాసౌండ్ ప్రోబ్ ఎప్పుడైనా పట్టుకున్నారా?" అంది.

శశికళ అబద్ధమాడలేకపోయింది. "లేదమ్మా. దాని మీద అడిగిన ప్రశ్నలన్నీ రైట్ చేశాను."

ఆ మాట ఆమె చెవులకే బడిపిల్ల మాటలా వినిపించింది. రేణు లేచి వచ్చి చేయి పట్టుకుంది. ఆ జాలి భరించలేక ఆమె బయటికొచ్చేసింది.

ఇంకొన్ని హాస్పిటళ్లకు తిరిగింది. మర్యాదగా కాఫీ ఇచ్చి ఇదే మాట చెప్పారు. మళ్లీ శిక్షణ ఇచ్చేచోట సీట్లు లేవన్నారు. రెన్యూవల్ తేదీ వచ్చినప్పుడు రిటైర్ అవుతున్నానని రాసి పంపేసింది.

తర్వాత రేణు ఫోన్ చేసింది. "ఇక్కడ పని నేర్చుకుంటున్న మా రెసిడెంట్ డాక్టర్లకి ఒక లెక్చర్ ఇస్తారా మేడమ్?"

"ఏం చెప్పను రేణూ? నేను చదివింది వాళ్లూ చదివే ఉంటారు," అని పెట్టేసింది.

పత్రిక ఇంకా వస్తూనే ఉంది. శశికళ కవరు చింపకుండానే రీసైక్లింగ్ డబ్బాలో వేస్తుంది. చందా ఆపించే ఓపిక కూడా ఆమెకు లేదు.