సర్క్యూట్ బోర్డుల కోసం సాక్ష్యం చెప్పిన ఆంటీ

మార్చి మొదటి వారంలో ఒక ఉదయం, ఆఫీస్ పార్కింగ్‌లో కారు ఆపుతుండగా ఫోన్ మోగింది. మా పక్కింటి ఆంటీ వాళ్ళమ్మాయి, కాలిఫోర్నియాలోని డబ్లిన్ నుంచి. అమెరికాలోనే పుట్టి పెరిగిన పిల్ల. తెలుగు ఆచితూచి మాట్లాడుతుంది.

"అన్నా, అమ్మ వెళ్ళిపోయింది. పొద్దున లేపితే లేవలేదు. స్లీప్‌లోనే అయిపోయింది. పెయిన్ ఏం తెలిసి ఉండదు అని డాక్టర్ చెప్పింది."

ఈ చలికాలం కూతురి దగ్గర గడిపి, ఏప్రిల్‌లో షికాగో పక్కనున్న మా షామ్‌బర్గ్‌కి తిరిగి రావాల్సిన మనిషి. నేను ఫోన్ పెట్టేసి కారులోనే ఉండిపోయాను. ఏడుపు వచ్చింది కానీ, దానితో పాటే ఇంకేదో కూడా వచ్చింది. ఆవిడ తలపెట్టిన పని పూర్తిచేసుకునే వెళ్ళిందన్న తృప్తి అనుకుంటాను. ఆ పని గురించి మీకు చెప్పాలనే ఇది రాస్తున్నాను.

ఆంటీది గుంటూరు. కెమిస్ట్రీలో ఎం.ఎస్సీ. పెళ్ళయ్యాక భర్త పరిశోధన కోసం జర్మనీ వెళితే ఆవిడా వెళ్ళింది. అక్కడ ఒక చిన్న ఊళ్ళో సర్క్యూట్ బోర్డుల ఫ్యాక్టరీలో ఉద్యోగం దొరికింది. ఫోన్ గానీ టీవీ రిమోట్ గానీ విప్పితే లోపల ఆకుపచ్చగా ఒక పలక కనిపిస్తుంది కదా, అదే బోర్డు. చిప్పులన్నీ దాని మీదే కూర్చుంటాయి. దానికి రాగి పూత పట్టించే తొట్టెల దగ్గర ఆవిడ పని. నాలుగేళ్ళ తర్వాత దంపతులిద్దరూ అమెరికా వచ్చారు. ఇక్కడా మా పక్క ఊళ్ళోని బోర్డుల ఫ్యాక్టరీలో అదే పని, అది మూతపడేదాకా. ఆ ఇంటి అంకుల్‌ని నేను చూడలేదు. మేము ఈ వీధికి వచ్చేనాటికే ఆయన లేరు.

మాకు పరిచయం అయింది గరాజ్ తలుపు వల్ల. ఒక జనవరి ఉదయం అది తెరుచుకోలేదు. కారు లోపల, నేను బయట. ఆంటీ వాళ్ళ కిటికీలోంచి చూసి, చేతిలో భూతద్దంతో వచ్చింది. మోటారు పెట్టె విప్పించి, లోపలి బోర్డును పసిపిల్లని పట్టుకున్నట్టు అంచులు పట్టుకుని చూసింది.

"కాలిపోలేదు బాబూ, జాయింట్ వదిలిందంతే. ఎవరో తొందర్లో చేశారు, పాపం," అంది. పావుగంటలో తలుపు లేచింది. ఆ 'పాపం' నాకు చాలాకాలం అర్థం కాలేదు. ఎక్కడో ఒక షిఫ్టులో అలసిపోయి పనిచేసిన మనిషిని తలుచుకుని అన్న మాట అది.

చేతులకు గాజులు, ఉంగరాలు ఉండేవి కావు. గోళ్ళు ఎప్పుడూ పొట్టిగా కత్తిరించి ఉండేవి. వంట మొదలుపెట్టే ముందు మోచేతుల దాకా మూడుసార్లు కడుక్కునేది. చారు కాగుతుంటే గిన్నె పైన అరచెయ్యి పెట్టి, వేడి ఎంతో చెప్పేది. మా ఆవిడ థర్మామీటర్ పెట్టి చూస్తే ఎన్నడూ ఎక్కువ తేడా ఉండేది కాదు. తొట్టెల గురించి మాత్రం మనుషుల గురించి చెప్పినట్టే చెప్పేది. "తొట్టెని రోజూ పలకరించాలి బాబూ. ఒక్కరోజు మర్చిపోతే అలుగుతుంది. అలక తీర్చడానికి వారం పడుతుంది."

రెండున్నరేళ్ళ కిందటి శరదృతువులో ఆవిడకి జర్మనీ నుంచి ఫోన్ వచ్చింది. పాత ఫ్యాక్టరీలో పక్కపక్కన పనిచేసిన స్నేహితురాలు. ఆ ఫ్యాక్టరీని మూసేయబోతున్నారని, అదే సమయంలో యూరప్‌లో ఎలక్ట్రానిక్స్ తయారీకి ప్రభుత్వాలు ఏ సాయం చేయాలన్న దాని మీద బ్రస్సెల్స్‌లో విచారణ జరుగుతోందని చెప్పింది. అక్కడ అందరూ చిప్పుల గురించే మాట్లాడుతున్నారు. బోర్డుల ఊసే లేదు. బోర్డుల ఫ్యాక్టరీలు పోయాక అమెరికాలో ఏం జరిగిందో కళ్ళారా చూసినవాళ్ళు ఒకరు వచ్చి చెబితే బాగుంటుందని ఆవిడ స్నేహితురాలి కోరిక. వీడియోలో చెప్పినా చాలట.

ఆంటీ తన వల్ల కాదని చెప్పేసింది. ఆ సాయంత్రం మా ఇంట్లో టీ తాగుతూ ఈ సంగతి చెప్పినప్పుడు, నేను తెలివైనవాడిలా ఒక మాట అన్నాను.

"ఏంది ఆంటీ, నడవకపోతే మూసేస్తరు. మార్కెట్ అంటే అంతే కదా. గవర్నమెంట్ పైసలు దానికెందుకు పెట్టాలె?"

మాది వరంగల్. ఆంటీ దగ్గర నా మాట ఏనాడూ మార్చుకోలేదు. ఆవిడ నవ్వలేదు, వాదించలేదు. "రేపు శనివారం కదా, ఖాళీయేనా? డ్రైవ్ చెయ్యి. ఒక చోటికి వెళ్దాం," అంది.

పావుగంట దూరం. సామాన్లు దాచుకునే గదులు అద్దెకిచ్చే చోటు. పొడవాటి షెడ్డు, వరసగా నీలం రంగు షట్టర్లు. ఒక మనిషి లేడు. ఆంటీ కారు దిగి, షట్టర్లు లెక్కపెట్టుకుంటూ నడిచి ఒకచోట ఆగింది.

"ఇక్కడుండేది నా తొట్టె," అంది.

తర్వాత అక్కడే నిలబడి, నాతో ఎప్పుడూ అనని మాట చెప్పింది. ఫ్యాక్టరీ మూసేయడానికి కొన్ని నెలల ముందు రాష్ట్ర చట్టసభ నుంచి ఒకాయన వచ్చాడట. క్యాంటీన్‌లో అందరినీ కూర్చోబెట్టి, ఈ ఫ్యాక్టరీ నిలబడాలంటే ప్రభుత్వం చేయగలిగింది ఏమైనా ఉందా అని అడిగాడట.

"నాకు తెలుసు బాబూ ఏం చెయ్యాలో. కొత్తవాళ్ళకి పని నేర్పడానికి రెండేళ్ళు పడుతుంది, ఆ రెండేళ్ళ జీతం భరించమని అడగాలి. మీ ఆసుపత్రులకి, మీ రైళ్ళకి కొనేటప్పుడు బోర్డు ఎక్కడిదో చూడమని అడగాలి. అన్నీ తెలుసు. కానీ నా యాక్సెంట్ విని నవ్వుతారేమోనని నోరు మెదపలేదు. ఎవరూ మాట్లాడలేదు. ఆయన కాసేపు మా మొహాలు చూసి, కాఫీ తాగేసి వెళ్ళిపోయాడు."

"మీరొక్కరు మాట్లాడితే ఆగుతుండెనా ఆంటీ?"

"ఆగేది కాదేమో. కానీ ఆ 'ఏమో' నాతోనే ఉండిపోయింది."

తిరిగొచ్చేటప్పుడు, మా వీధి మలుపులో నేనే అన్నాను. "అప్పుడు చెప్పలేదు కదా. ఇప్పుడు చెప్పండి." ఆవిడ కిటికీలోంచే చూస్తూ, "వింటారంటావా?" అంది. "వినకపోతే మళ్ళీ చెప్పండి," అన్నాను. ఆ మధ్యాహ్నమే జర్మనీకి ఫోన్ చేసింది.

స్లైడ్లు చేసే బాధ్యత నాది. ఆఫీస్‌లో అలవాటైన పెద్దపెద్ద మాటలన్నీ పేర్చాను. వ్యూహాత్మక స్వావలంబన, సరఫరా గొలుసుల పటిష్ఠత. ఆంటీ కళ్ళజోడు పెట్టుకుని చదివి, ఒక్కొక్కటే కొట్టేయించింది. "ఇవి నా నోట్లో పట్టవు. నేను చూసింది చెప్తాను, చాలు." చివరికి ఒక్క స్లైడూ మిగల్లేదు. ఆరు వాక్యాలు రాసిన కాగితం ఒకటి మిగిలింది.

విచారణ రోజు ఇక్కడ ఉదయం ఎనిమిది గంటలు, అక్కడ మధ్యాహ్నం. ఆంటీ వంటింటి బల్ల మీద నా ల్యాప్‌టాప్ పెట్టి, కెమెరాలో పడకుండా నేను పక్కన కూర్చున్నాను. ఆంటీ బూడిదరంగు నేత చీర, పైన స్వెట్టర్ వేసుకుంది. మొదటి వాక్యం కాగితంలో చూసి గబగబా చదివేసింది. రెండోది కెమెరాలోకి చూస్తూ చెప్పింది.

కమిటీ సభ్యుడొకాయన అడ్డుపడ్డాడు. బోర్డులు దూరదేశాల నుంచి చవగ్గా వస్తున్నప్పుడు ప్రజల డబ్బు ఇక్కడ ఎందుకు పెట్టాలి అని అడిగాడు. నేను టీ బల్ల దగ్గర అడిగిన ప్రశ్నే.

ఆంటీ కాగితం పక్కన పెట్టేసింది. ఇంగ్లీషులో, తన గుంటూరు యాసలోనే, నిదానంగా జవాబిచ్చింది. "అయ్యా, మేమూ ఇదే లెక్క వేసుకున్నాం. తర్వాత కోవిడ్ వచ్చింది. ఊపిరి అందించే మిషన్లకి బోర్డులు కావాలి, దగ్గర్లో తొందరగా ఎవరైనా చేస్తారా అని ఒకరు నాకు ఫోన్ చేశారు. నేను అప్పటికే రిటైరై ఇంట్లో ఉన్నాను. పని తెలిసిన మనుషుల పేర్లు చెప్పగలిగాను. కానీ వాళ్ళు నిలబడి పని చేయడానికి ఒక్క తొట్టె కూడా మిగల్లేదు. ఫ్యాక్టరీ మూయడానికి ఒక సంతకం చాలు. తెరవడానికి ఒక తరం కావాలి. మీకింకా తొట్టెలున్నాయి, మనుషులున్నారు. మేము చేసిన పని మీరు చేయకండి. చిప్పులకి మీరు ఎంత ఖర్చు పెట్టినా, అవి కూర్చోవడానికి చోటు వేరే దేశంలో ఉంటే, వాటిని అక్కడికే పంపాలి కదా."

అడిగినాయన కలం అందుకుని, ఆవిడ మొదట్లో చెప్పిన కొత్తవాళ్ళ శిక్షణ సంగతి మళ్ళీ చెప్పమన్నాడు. ఆవిడ చెప్పింది. ఐదు నిమిషాలు ఇచ్చినవాళ్ళు అరగంట కూర్చోబెట్టారు. ఇదంతా అయ్యాక ల్యాప్‌టాప్ మూసి, నా వైపు తిరిగి, "నవ్వలేదు కదూ?" అంది.

"ఎవ్వరూ నవ్వలేదు ఆంటీ."

తర్వాత ఏడాదికి పైగా ఎదురుచూపులు. చట్టం ముసాయిదాలు వచ్చాయి, మారాయి. జర్మనీ స్నేహితురాలు, ఆ ఫ్యాక్టరీ కార్మికులు, ఆ ఊరి మేయరు ప్రతి గుమ్మమూ ఎక్కారు. ఆంటీ ఆ కమిటీకి వారానికొక ఉత్తరం రాసేది. నేను తప్పులు దిద్దేవాడిని.

జనవరిలో ఒక మధ్యాహ్నం. మోకాళ్ళ లోతు మంచు. మా తలుపు దబదబా మోగింది. తీసి చూస్తే ఆంటీ, కోటు లేకుండా, ఇంట్లో వేసుకునే చెప్పులతో, చేతిలో ప్రింట్ తీసిన కొత్త చట్టం కాగితాలతో నిలబడి ఉంది.

"ఉంది బాబూ. బోర్డులూ ఉన్నాయి, వాటి మీద చిప్పులు బిగించే పనీ ఉంది. శిక్షణ జీతం ఉంది. ప్రభుత్వం కొనేటప్పుడు ఎక్కడ తయారైందో చూడాలని కూడా రాశారు. ఫ్యాక్టరీ మూయడం లేదట. కొత్త లైన్ పెడతారట."

మా ఆవిడ ఆమెను లోపలికి లాగి, కాళ్ళకి వేడి తువ్వాలు చుట్టి, నోట్లో చక్కెర పోసింది. నేను ఇదంతా మీ వల్లే అనబోతే ఆంటీ చెయ్యెత్తి ఆపింది. "అట్లా చెప్పకు. అక్కడ వందమంది తిరిగారు. నా వంతు మాట నేను చెప్పాను. ఈసారి చెప్పాను, అంతే." ఆ 'ఈసారి' అన్నప్పుడు ఆ మొహంలో కనిపించిన గెలుపుని నేను ఏ కప్పు ఎత్తిన ఆటగాడిలోనూ చూడలేదు.

ఆ నెలలోనే మా ఆఫీస్‌లో ఒక మీటింగ్ జరిగింది. మా టీమ్‌లోని టెస్టింగ్ వాళ్ళందరినీ తీసేద్దామన్నారు. ఎవరికైనా అభ్యంతరమా అని డైరెక్టర్ అడిగాడు. నాది H-1B వీసా, ఉద్యోగం పోతే ఈ దేశంలో ఉండే హక్కూ పోతుంది కాబట్టి ఇలాంటి చోట నోరు మూసుకోవడం నాకు బాగా అలవాటు. ఆ రోజు చెయ్యెత్తాను. ఏం పోతుందో, ఎందుకు పోకూడదో చెప్పాను. వాళ్ళలో సగం మంది ఇంకా పనిలో ఉన్నారు. ఆంటీకి చెబితే, "సగమే?" అంది. తర్వాత గట్టిగా నవ్వి, ప్లేటు నిండా పెసరట్లు పెట్టింది.

ఆ వేసవిలో జర్మనీ ఫ్యాక్టరీవాళ్ళు ఆవిడని ఆరు వారాలకి పిలిచారు, కొత్తగా చేరినవాళ్ళకి తొట్టెల దగ్గర పని నేర్పడానికి. డెబ్భై మూడేళ్ళ వయసులో, ఒక పెట్టె నిండా గోంగూర పచ్చడి సర్దుకుని బయల్దేరింది. నేనే ఎయిర్‌పోర్ట్‌కి దింపాను.

నెల తర్వాత వీడియో కాల్ చేసింది. కొత్త లైన్‌లో మొదటి పలక సిద్ధమైందట. ఫోన్ ఎవరో పట్టుకున్నారు. ఆంటీ తెల్ల కోటులో, పెద్ద కిటికీ పక్కన నిలబడి ఉంది. చుట్టూ ఇరవయ్యేళ్ళ అమ్మాయిలు, అబ్బాయిలు. పలకలో వేలకొద్దీ సన్నటి రంధ్రాలుంటాయి, వాటి లోపలి గోడలకే రాగి పట్టాలి, ఒక్కటీ పూడుకుపోకూడదు. అది చూడటానికి ఆవిడ పలకని రెండు చేతులా అంచులు పట్టుకుని ఎండకి ఎత్తింది. ఒక్క రంధ్రమూ మూసుకుపోలేదు. వేల వెలుగు చుక్కలు ఆవిడ నుదుటి మీద, చెంపల మీద, తెల్ల కోటు మీద పడ్డాయి. పలకని మెల్లగా అటూ ఇటూ వంచుతుంటే ఆ చుక్కలన్నీ ఆవిడ మొహం మీదుగా కదులుతున్నాయి, పక్కనున్న పిల్లల మొహాల మీదకి పాకుతున్నాయి.