ఓడలు గుద్దుకుంటే హ్యాకర్ మీద తోసేద్దామా? ఎదురుమొండి లంకకు ఒక ప్రయాణం

ఎదురుమొండికి నేను సరదాకి వెళ్ళలేదు. భవానీపురంలో ఆదివారం కూడిక ముగించి, వాక్యం చెప్పిన బైబిలు ఇంకా సంచిలో పెట్టుకోకముందే మా చెల్లెలు మరియమ్మ ఫోన్ చేసింది. ఆమె కొడుకు సుందర్ నౌకాదళంలో నావికుడు. వాడున్న ఓడ ఒక రాత్రి ఇంకో ఓడను గుద్దింది. ప్రాణాలు పోలేదు గాని ఒకతని చెయ్యి విరిగింది. ఆ వేళ ఓడ ముందు నిలబడి కాపలా చూస్తున్నవాడు సుందరే. విచారణలో వాంగ్మూలం ఇవ్వాలి, ఈలోగా సెలవు మీద ఇంటికొచ్చాడు. "కంప్యూటర్లని ఎవరో హ్యాక్ చేశారని చెప్పమంటే వినట్లేదన్నయ్యా. నువ్వొచ్చి చెబితే దేవుడి మాటలా వింటాడు" అంది. దేవుడి పేరు మీద అబద్ధం ఆడించడానికి నన్ను పిలుస్తోందని అర్థమయ్యేసరికి ఒళ్ళు మండింది.

మర్నాడు పొద్దున ఆరింటికి విజయవాడ బస్టాండులో అవనిగడ్డ బస్సెక్కాను. కంకిపాడు, ఉయ్యూరు, చల్లపల్లి, మోపిదేవి మీదుగా దాదాపు రెండున్నర గంటలు, టికెట్ వంద పైచిలుకు. కంకిపాడులో ఎక్కిన చీరల వ్యాపారి ఒకాయన నా పక్కన కూర్చుని, ఏ దేశంవాడో మీట నొక్కితే యుద్ధనౌకలు ఎలా ఢీకొంటాయో చెప్పే వీడియో బస్సంతా వినబడేలా పెట్టాడు. సౌండు తగ్గించమంటే, చెవిలో పెట్టుకునే ముక్క ఒకటి నాకూ ఇచ్చాడు.

అవనిగడ్డలో టిఫిను చేసి నాగాయలంక మీదుగా ఏటిమొగ రేవుకి ఆటో మాట్లాడుకున్నాను. బేరం ముందే ఆడుకోండి, దారి తక్కువేం కాదు. ఆటో అబ్బాయికీ ఆ వీడియో వచ్చిందట. అంతా చైనావాళ్ళ పనేనండీ అన్నాడు.

"మరి నీ ఆటో ముందు ఈ సొట్ట? ఇది కూడా చైనావాడే నొక్కాడా?"

"అది మాత్రం గేదె తప్పేనండి" అన్నాడు, నవ్వకుండా.

ఏటిమొగలో కృష్ణ దాటాలంటే పంటు ఎక్కాలి. మనుషుల్నీ బైకుల్నీ కలిపి ఎక్కించుకునే బల్లకట్టు లాంటిది. అది నిండేదాకా కదలదు. ఎండలో ముప్పావుగంట నిలబడ్డాను, నా కోపం ఏమాత్రం చల్లారలేదు.

ఇంటికి చేరి, విషయం తేలేదాకా అన్నం ముట్టనన్నాను. రొయ్యల ఇగురు వాసన తగిలాక తిన్నాను. చేతులు కడుక్కోగానే మా బావ ఏసురత్నం మొదలుపెట్టాడు. ఆయన ముప్పై ఏళ్ళుగా పీతల పడవ నడిపే మనిషి.

"హ్యాకర్ అంటే ఎవరికి నష్టం బావా? వాడికి పేరు లేదు, ఊరు లేదు, పెళ్ళాంపిల్లలు లేరు."

"పాముకీ లేరు" అన్నాను. "ఏదెను తోటలో తప్పెవరిదని దేవుడు అడిగితే, మొదటి మగాడు పెళ్ళాన్ని చూపించాడు, ఆమె పామును చూపించింది. తోట మాత్రం ఇద్దరికీ పోయింది."

సుందర్ నెమ్మదిగా అసలు సంగతి చెప్పాడు. హ్యాకింగ్ ఉత్తి మాటేమీ కాదట. దొంగ సంకేతాలు పంపి ఓడ ఉన్నచోటును తప్పుగా చూపించొచ్చట. అందుకే యంత్రాలెన్ని ఉన్నా కళ్ళతో చూడడానికి మనిషిని నిలబెడతారట. ఆ రాత్రి తెరల్లో ఏ తప్పూ లేదు, రాడార్‌లో ఎదుటి ఓడ కనబడుతూనే ఉంది. వీడు ఆ ఓడ దీపం చూసి, పైన ఓడ నడిపే గదికి ఫోనులో చెప్పాడు. అవతలి నుంచి పలుకు రాలేదు. వినేవాడి ధ్యాస ఇంకెక్కడో ఉంది.

నేను బైబిలు తెరిచాను. కావలివాడు ఊరి మీదికి కత్తి రావడం చూసి కూడా బూర ఊదకపోతే, చచ్చినవాడి రక్తానికి లెక్క దేవుడు వాడినే అడుగుతాడని వాక్యం. ఆ మాటే గట్టిగా చెప్పాను.

"ఊదాను మావయ్యా. ఎవరన్నా విన్నారో లేదో చూడలేదు."

ఎందుకు చూడలేదురా అని అరిచాను. వాడు తండ్రి వైపు చూశాడు. "నాన్న పలకడుగా. చిన్నప్పట్నుంచీ పడవ ముందు నిలబడి 'నాన్నా, వల ఉంది' అని అరిచేవాణ్ణి. ఇంజను మోతలో ఎవరు పలుకుతారు? పలకలేదంటే విన్నట్టే. ఇక్కడ అన్ని పడవల్లోనూ అంతే. ఆ రాత్రి కూడా విన్నారనే అనుకున్నా."

ఏసురత్నం, "ఈ మాటే చెప్పు అక్కడ. మా నాన్న పలకడని కూడా చెప్పు" అన్నాడు.

"ఉద్యోగం పోతే?" అంది మరియమ్మ.

"పడవ ఉందిగా." కొడుకు వైపు చూడకుండానే ఆయన, "ఈసారి పలుకుతాలే" అన్నాడు.

చెల్లెలు ఏడుస్తుంటే ప్రార్థన చేశాను. ఉద్యోగం నిలబడాలని కూడా అడిగాను, అందులో తప్పు లేదు. తిరుగు బస్సులో నా విసుగు వేరేవైపు మళ్ళింది. శత్రువుంటే ఉండవచ్చు, వాడు తలుపు తట్టనూవచ్చు. కానీ హ్యాకర్ అని రాసేస్తే రేపు కంప్యూటర్లు మారుస్తారు, పలకని అలవాటు అలాగే ఉంటుంది, ఇంకో ఓడ ఇంకో రాత్రి గుద్దుకుంటుంది. కావలివాడి గురించి నేను ఎన్ని కూడికల్లో గొంతు చించుకున్నానో లెక్కలేదు. ఊళ్ళో ఉండి వినాల్సినవాడి గురించి ఒక్కసారీ మాట్లాడలేదు.

మీరు వెళ్ళేట్టయితే ఒక్క మాట. చీకటి పడితే పంటు ఉండదు, వేళలు గాలినీ పోటునీ బట్టి మారుతుంటాయి. దిగగానే పంటు నడిపే మనిషినే ఆఖరిది ఎప్పుడని అడగండి. ఆయన తల ఊపితే చాలదు, నోటితో వేళ చెప్పేదాకా అక్కణ్ణుంచి కదలకండి.