దొర కారు దూప

దొర కారు తోలే బుచ్చిరాములు, జరమొచ్చిన పిల్లను చూసినట్టు, ఊరూరికీ ఆగి ఇంజన్ మూత మీద చెయ్యి పెట్టి చూస్తడు. రేడియేటర్ కారుతదని ఎరుకే. అయినా డబ్బాల నీళ్లు పెట్టుకునే అలవాటు లేదు. యాడ ఆగినా వెట్టి చేసేటోళ్లు కుండలెత్తుకొని ఉరికొచ్చేటోళ్లు. దొరల మీద లేచిన సంఘం వెట్టి బంద్ చేసినంక, దొర పట్నం పారిపోయే పొద్దున గూడ, ఆ అలవాటుతోనే ఉత్త డబ్బాతో బయల్దేరిండు. నర్మెట్ట దాటంగనే కారు ఆవిర్లు కక్కి ఆగింది. పక్క చేన్ల నుంచి, ఒకప్పుడు వెట్టికి నీళ్లు మోసిన ఎల్లక్క కుండతో వచ్చింది.

"దూపైతే నువ్వు తాగు నాయినా. దొర కారుకైతే సుక్క గూడ పొయ్య."

బుచ్చిరాములు దోసిలి పట్టి తాగిండు.

"మిగిలినయన్న ఇంజన్ల పొయ్యిరా, సంఘమోళ్లు వస్తున్నరు!" లోపల్నుంచి దొర అరిచిండు.

బుచ్చిరాములు మొహంల కోపం లేదు, భయం లేదు. దోసిట్ల మిగిలిన నీళ్లను కాసేపు చూసిండు. వాటితో మెల్లగ మొహం కడుక్కున్నడు.